రూతమ్మ సిస్టరు ఎంచిన పెట్టె

పోయిన నెల మదనపల్లెలో ఒక పెండ్లికి వెళ్ళాను. మంటపంలో పాట కచేరీ ఇంకా మొదలు కాలేదు. స్పీకర్లలోంచి మాత్రం 'బుయ్‌' మని ఒకటే మోత, తుమ్మెద చెవిలో దూరినట్టు. అంతమంది కూర్చొని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక్కరికీ అది వినిపిస్తున్నట్టే లేదు. మైకు పెట్టినవాడు ఫోను చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి నాలుగు మాటలు అందామనుకున్నాను. అంతలో ఆ మోత వెంటే ఎండిన నేల మీద నీళ్ళు పోసిన వాసన ముక్కుకు తగిలింది. అక్కడ తడి లేదు, మట్టి లేదు, అంతా నున్నటి బండలు. మోత చెవిలో పడితే ముక్కుకు వాసన రావడమేమిటని మా బామ్మర్ది నవ్వాడు. వాడికి రూతమ్మ సిస్టరు తెలియదు. మీకూ తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగిలినదంతా విప్పి చూసి, కాల్చుకొని, మళ్ళీ బిగించి నేర్చుకున్నది. తొంభైలలో పుంగనూరు బస్టాండు పక్కన నాకొక అంగడి ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ణి. పనికి మంచి పేరు, నోటికి చెడ్డ పేరు. రూతమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఎక్కువగా కాన్పుల వార్డులో పని. వారానికోసారి ఆస్పత్రి జీపులో మా పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకు వచ్చేది. ఆమె మొదటిసారి నా అంగడికి వచ్చిన రోజు నేను ఒక రైతు మీద ఎగురుతున్నాను. రేడియో పలకలేదని లోపల కొబ్బరినూనె పోసుకొచ్చాడు ఆ మహానుభావుడు. తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి గుడ్డసంచి పట్టుకొని అంగడి మెట్టు మీద నిలబడి ఉందని నేను గమనించనే లేదు.

"అయిపోయిందా అప్పా?" అంది.

"ఏందమ్మా?"

"తిట్టేది. అయిపోయుంటే ఈ టేపురికార్డరు సూడు. అయిపోకుంటే కూర్చుంటా, నాకేం తొందర లేదు."

నూనె పోసిన రైతు కిసుక్కున నవ్వాడు. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. ఆ టేపురికార్డరు కాన్పుల వార్డుది. నొప్పులు పడే ఆడవాళ్ళకు పాటలు వినిపించడానికి పెట్టుకున్నారట. లోపల మోటారు పోయింది. నా దగ్గరున్న కొత్త మోటారు తీసి తీగలు అతికించబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మోటారు చీటీ మీద ఏం రాసుండాది?"

"ఇంగ్లీషమ్మా. నాకు రాదు."

"రాకుంటే సదవకుండా పెట్టేస్తావా? సూదిమందు సీసా మీద ఏం రాసుండాదో సూడకుండా నేను నీకు పొడిస్తే ఊరుకుంటావా?"

కోపం నెత్తికెక్కింది. అయినా చీటీ ఆమె ముందు పెట్టాను. ఆమే చదివి చెప్పింది. ఓల్టులు సరిపోవు. పెట్టి ఉంటే కాలిపోయేదే. ఆ రోజు నుంచి జీపు వచ్చినప్పుడల్లా నా అంగడి ముందు కాసేపు ఆగేది. నేను దాచిన చీటీలు, యంత్రాలతో వచ్చిన చిన్న పుస్తకాలు ముందేసుకొని ఒక్కొక్క మాట చదివించేది. డ్రైవరు హారను కొడుతుంటే "ఉండప్పా, ఈడొక బాలింత ఉండాడు" అని నన్ను చూపించి నవ్వేది. బజారంతా వినేది. కొన్నేళ్ళకు నేను ఏ పుస్తకమైనా తడుముకుంటూ చదవగలిగాను. ఆమె నాకు ఇంగ్లీషు నేర్పింది అనడం తక్కువ మాట. చదవకుండా చెయ్యి వేయడానికి సిగ్గుపడడం నేర్పింది.

ఆమె పాట వినాలి మీరు. నేను వాళ్ళ మతం కాదు, నాకు గుడికి పోయే అలవాటు కూడా లేదు. అయినా చెప్తున్నాను. ఆమె పాడే భక్తి కీర్తనలు మన రాగాల్లోనే ఉండేవి. మాటలు పుస్తకంలో అచ్చయి ఉన్నాయి, రాగం పేరు కూడా పైన ఉంది. కానీ ఆ మాటను ఎక్కడ వంచాలి, ఎక్కడ నిలపాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. అది పల్లెల్లో ఆడవాళ్ళ గొంతుల్లో ఉంది. కాన్పుకు వచ్చిన వాళ్ళ దగ్గర, వాళ్ళకు తోడు వచ్చిన ముసలమ్మల దగ్గర, పసిబిడ్డకు నీళ్ళు పోస్తూ నేర్చుకున్న పాటలవి. ఒకసారి వాళ్ళ చర్చిలో పెద్దమనిషి ఒకాయన నా ముందే అన్నాడు: "కీబోర్డులో అన్ని ట్యూన్లూ ఉండాయి సిస్టరూ, ఈ పాత సాగదీతలు ఇంక యాల?" నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మండుతుంది. ఆమె మాత్రం "కీబోర్డు కాన్పుకు రాదు గద సార్" అని ఊరుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక ఆమె రిటైరై కుప్పం చేరింది. రైల్వేలో పనిచేసి పోయిన భర్త కట్టించిన చిన్న ఇల్లు అక్కడ ఉంది. మరికొన్నేళ్ళకు ఒక ఎండాకాలం పొద్దున అంగడికి ఫోను వచ్చింది.

"రెడ్డెప్పా, ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవాలంటే ఏం కావాల?"

"క్యాసెట్టుకు కాలం చెల్లింది సిస్టరమ్మా. కంప్యూటరు కావాల. ఎందుకు?"

"గొంతులో గడ్డ. థైరాయిడ్. తీసేయాల. గొంతును ఆడించే నరం దాన్ని ఆనుకునే పోతాదంట. మామూలుగా ఏమీ కాదు అంటాండారు డాక్టరు. మామూలుగా అనే మాట నేనెంతమందికి చెప్పినానో నాకు తెలుసు గదప్పా."

ఆపరేషన్ ఆమె పనిచేసిన మదనపల్లె ఆస్పత్రిలోనే. అది జరిగేలోపల ఆ పాటలన్నీ ఒకచోట చేర్చాలి. గొంతు పోతే ఆమెతోపాటు ఎందరో ముసలమ్మల గొంతులూ పోతాయి. విషయం అంతే, అందులో పెద్ద తిరకాసేమీ లేదు.

కంప్యూటరు నా అంగడిలో పాతది ఒకటి ఉంది. కానీ దాని వెనకాల ఉండే మైకు రంధ్రంలో తీగ పెట్టి పాడితే వర్షంలో రేకుల కింద కూర్చొని పాడినట్టే. మంచి మైకులో పడిన గొంతును పెంచి, కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చి లోపలికి పంపే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఆ పేరు పలికేవాళ్ళు వందమంది, అదేం చేస్తుందో చెప్పేవాడు ఒక్కడూ లేడు అప్పట్లో. ఇప్పుడు మాత్రం? ఎన్ని బిట్లు, ఎన్ని హెర్ట్జులు అని వల్లె వేస్తారు. పాడేది ఎవరు, ఏ ఇంట్లో అని ఎవడైనా అడుగుతాడా? సరే, ఆ పెట్టె కోసం ఇద్దరం కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయాం.

సంగీత సామాన్ల అంగడిలో అమ్మే అబ్బాయి తెలుగువాడే. ఎనిమిది మైకులు పెట్టుకునే పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. వరసగా లైట్లు, మీటలు. నిజం చెప్పాలంటే నా కళ్ళు చెదిరాయి. రేపు డోలు రికార్డు చేయవచ్చు, కోలాటం చేయవచ్చు, పుంగనూరులో స్టూడియో అని బోర్డే పెట్టవచ్చు అని మనసులో లెక్కలు కడుతున్నాను.

"ఇదే తీసుకుందాం సిస్టరమ్మా. ఎనిమిది బొక్కలుండాయి."

"నాకెన్ని నోర్లుండాయి రెడ్డెప్పా?"

"ఒకటే గదమ్మా."

"ఆ ఒక్కదానికే గ్యారంటీ లేదు. ఎనిమిది కొని ఏం చేసుకునేది?"

అబ్బాయి గట్టిగా నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె నా ముఖం చూసి భుజం తట్టి, "రెండు కావాలప్పా, ఒకటి నాకు, ఒకటి హార్మోనియానికి. దానికి ఆపరేషన్ లేదు, పాపం" అంది. రెండు మైకుల పెట్టెలు మూడు తెప్పించింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మైకు తగిలించమని, అందరినీ నోరు మూసుకోమంది. అబ్బాయి "ఏదైనా పాడండమ్మా" అన్నాడు. "పాట నాకు తెలుసు నాయనా. నేను పాడనప్పుడు ఇదేమంటాదో వినాల" అంది. కళ్ళు మూసుకుంది. తల్లి కడుపు మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె వినేటప్పుడు నర్సులు అలాగే కళ్ళు మూసుకుంటారు. మొదటి పెట్టె కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమందట. రెండోది చాలా ఖరీదు, నిశ్శబ్దంగా ఉందట. మూడోది చవక. దాన్ని ఎక్కువసేపు వింది.

"రెండోదానికి, దీనికి నా చెవికి తేడా తెలీలేదప్పా. నా చెవికి తెలీని తేడాకు ఆపరేషన్ దుడ్డు పెట్టను."

అంతే, బేరం అయిపోయింది. పాటకు బాగుంటుందని ఆ అబ్బాయి చూపించిన మైకును కూడా తీసుకున్నాం. హార్మోనియానికి నా అంగడిలోని మైకే చాలు.

మర్నాడు కంప్యూటరును బస్సులో ఒళ్ళో పెట్టుకొని పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం పోయాను. "ఏమప్పా, టీవీకి హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?" అని కండక్టరు దారిపొడుగునా ఎగతాళి చేశాడు. ఇంట్లో అన్నీ తగిలించాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. 'బుయ్‌' మని మోత. మైకు మీద వేలితో కొట్టాను. పలుకు లేదు. మళ్ళీ కొట్టాను. మోత తప్ప ఏమీ లేదు. వచ్చే సోమవారమే ఆమెకు ఆపరేషన్.

"మోసం చేసినాడు సిస్టరమ్మా! నేనప్పుడే అనుకుంటి, చవకది వద్దని. రేపే రైలెక్కి వాడి మొగాన కొట్టి, ఆ ఖరీదుది తెస్తా."

"పుస్తకం సదివినావా?"

"సదివితిని."

"అంతా?"

"నలభై ఎనిమిది ఓల్టుల కాడ ఆపేస్తి."

దీని వెనక సంగతి చెప్పాలి. మా వైపు జాతరల్లో మైకు షాకు కొట్టడం కొత్త కాదు. ఒక హరికథ దాసుగారు పల్లవి ఎత్తుకుంటూ మైకుకు పెదవి తగిలించి వెనక్కి పడడం నేను కళ్ళారా చూశాను. అప్పటినుంచి నా మైకులన్నిటికీ చేతిరుమాలు చుట్టేవాణ్ణి. ఆ కథ సిస్టరమ్మకూ ఎన్నోసార్లు చెప్పాను. ఇప్పుడీ పెట్టె మీద ఒక మీట ఉంది, నొక్కితే నలభై ఎనిమిది ఓల్టుల కరెంటు తీగ వెంట మైకుకు పోతుందట. గొంతులో గడ్డ ఉన్న మనిషి మూతి ముందుకు నేను కరెంటు పంపాలా? చేతకాదు నావల్ల.

ఆమె కళ్ళజోడు పెట్టుకొని నేను ఆపిన చోటు నుంచి చదివింది. "ఈ మైకుకు కరెంటు ఇస్తేనే పలుకుతాదని రాసుండారు. అంగట్లో ఆ అబ్బాయి నొక్కే ఉంటాడు, మనం సూడలేదు."

"మనిషికి కూడా ఇస్తాది. అది రాయలేదు."

"ఆ దాసుకు షాకు యాల కొట్టింది?"

"ఎర్తు సరిగా లేక."

"మరి నా ఇంట్లో ఎర్తుండాదా?"

అది నేను చూడనే లేదు. ఆ నలభై ఎనిమిది ఓల్టులు మనిషిని ఏమీ చేయవని ఇప్పుడు నాకు తెలుసు. భయపడాల్సింది ఇంటి కరెంటు దారి తప్పి మైకు దాకా రావడానికి. అలా దారి తప్పిన కరెంటును నేలలోకి దింపేదే ఎర్తు. పెరట్లో బట్టల బండ పక్కన ఇనుపగొట్టం పాతి ఉంది. చుట్టూ నేల నెర్రెలు విచ్చుకొని ఉంది. బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి కరెంటుకు, ఒకటి ఎర్తుకు ఆనించి చూశాను. సరైన ఎర్తు అయితే బల్బు నిండుగా వెలగాలి. ఇది నిద్రమొహంతో ఎర్రగా మినుకుమంది. ఎండకు నేలలో చెమ్మ అంతా పోయింది.

"నీళ్ళు పొయ్యాల. ఉప్పు కూడా," అన్నాను, తల వంచుకొని. ఎందుకంటే ఆ వీధికి ట్యాంకరు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వాకిట్లో ఒక్క డ్రమ్ము, అందులో సగం నీళ్ళు. ఆమె వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి గొట్టం చుట్టూ కుమ్మరించింది. బిందె ముంచింది. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "సిస్టరమ్మా, తాగేదానికి లేక మేం సస్తాంటే ఇనుపగొట్టానికి నీళ్ళు పోస్తాండారే, మొలకొస్తాదా?" అంది.

"వస్తే నీకూ ఒక కొమ్మ ఇస్తాలే మా," అంది ఈమె, రెండో బిందె పోస్తూ. నావైపు తిరిగి, "తల స్నానం మానుకుంటే సరి. ఆపరేషన్ ముందు ఎట్లా వాళ్ళే రుద్ది కడుగుతారు" అంది.

నెర్రెలు గుటకలు వేసి తాగాయి. అప్పుడొచ్చిన వాసనే పెండ్లి మంటపంలో నా ముక్కుకు తగిలింది. కాసేపు ఆగి మళ్ళీ బల్బు పెట్టాను. పగటి వెలుతురులో కూడా కళ్ళు జిగేలుమనేలా వెలిగింది. లోపలికి పరుగెత్తి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మోత లేదు. తుడిచిపెట్టినట్టు పోయింది. పెట్టెలో తప్పే లేదు.

మీట మాత్రం నేను నొక్కలేకపోయాను. ఆమే నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. జ్వరం చూసినట్టు అరచేతి వెనకవైపు మైకుకు ఆనించింది. ఆగింది. "సల్లగా ఉండాది, ఏం లేదు పో" అంది. హెడ్‌ఫోన్లు లాక్కొని తన చెవులకు పెట్టుకుంది. నెమ్మదిగా ఆమె ముఖం మారింది. "నా ఊపిరి నాకే వినపడతాండాది రెడ్డెప్పా" అంది.

ఆ వారమంతా పొద్దున్నే, వీధిలో ఆటోలు మొదలుకాక ముందే పాడింది. రైలు వస్తే ఆపేది. పోయాక మొదటి నుంచి ఎత్తుకునేది. ప్రతి పాటకూ ముందు అది ఎవరిదో చెప్పేది: బైరెడ్డిపల్లె వైపు నుంచి మూడో కాన్పుకు వచ్చినామెది, శాంతిపురంలో పుల్లలు అమ్మే అవ్వది, తన మేనత్తది అని. పేర్లు తెలియకపోతే గుర్తులు చెప్పేది. "ఈమెకు కవల పిల్లలు. ఇద్దరూ బతికినారు" అని ఒకరి గురించి. ఆఖరి రోజు ఒక పాట మిగిలింది. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అది. హార్మోనియం మూసేసింది.

"అది కూడా పాడేయండి సిస్టరమ్మా!" అని నేను దాదాపు అరిచాను.

"అన్నీ ఈడ పెట్టేసి పోతే తిరిగొచ్చేదానికి నాకేం పనుంటాది?"

సోమవారం మదనపల్లెలో ఆస్పత్రి వరండాలో నేను నిలబడలేక, కూర్చోలేక ఉన్నాను. వార్డు బాయ్ మీద అరిచాను, ఫ్యాను మీద అరిచాను. ఆమెను చక్రాల మంచం మీద తోసుకుపోతూ ఉంటే దగ్గరికి పిలిచింది.

"యాల ఆ పిల్లోని మీద పడతావు? సూడాల్సింది డాక్టరు సూసినాడు, నేనూ సూసినా. కాగితాలన్నీ సదివినా. అడగాల్సినవి అడిగినా. సూసేది అయిపోయినాక వదిలెయ్యాలప్పా. సూడకుండా వదిలేస్తే తప్పు. సూసినాక కూడా పట్టుకుంటే అదీ తప్పే."

తలుపు మూసుకుంది. మధ్యాహ్నం దాటాక తెరిచారు. సాయంత్రం ఆమె మంచం పక్కకు పోనిచ్చారు. మెడకు కట్టు. మాట్లాడించవద్దని నర్సు చెప్పింది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. గుసగుసలా, గరుకుగా, కానీ ఒక్క అక్షరం పోకుండా అంది:

"అన్నం తిన్యావా, లేక తిట్టుకుంటానే ఉండావా?"

నేను వరండాలోకి వచ్చి గోడకు తల ఆనించి నవ్వాను. పొద్దున నేను తిట్టిన వార్డు బాయే వచ్చి మంచినీళ్ళు ఇచ్చాడు. కొన్ని వారాలకు గొంతు తేరుకుంది. పైస్థాయి కొంచెం తగ్గింది, అంతే. హార్మోనియం మీద రెండు మెట్లు కిందికి దిగి మిగిలిన పాట పాడింది. పాట అయ్యాక, "ఇట్లనే బాగుండాది. ముసలిదాని పాట ముసలిగొంతులో ఉండాల" అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పాడింది.

ఇప్పుడు నాకు వయసైపోయింది. కోపం పోలేదు. పోవాలని కూడా లేదు, కోపం రావలసిన సంగతులు ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. కానీ పోయిన ఏడాది నా కంటికి శుక్లం తీసేటప్పుడు, వాళ్ళిచ్చిన కాగితం పైనుంచి కింద వరకు చదివాను. అర్థం కానివి అడిగాను. డాక్టరు విసుక్కుంటే ఇంకోసారి అడిగాను. సంతకం పెట్టి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను. కంట్లో చుక్కలు వేస్తూ ఒక చిన్న నర్సు, "భయంగా ఉండాదా తాతా?" అంది.

"ఉండాది మా," అన్నాను. "సూసుకునేదంతా అయిపోయింది. ఇంక నీ పని కానియ్."